అధ్యాయం 7: వచ్చేవి వంద రకాలు, వెళ్లే దారి ఒక్కటే

జాతీయ రహదారి 16 చిల్లకూరు మీదుగా పోతుంది. ఆ రోడ్డు పక్కన మీరొక జిరాక్స్ షాపు పెట్టుకున్నారనుకోండి. ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు, ఒక కలర్ ప్రింటరు, బల్ల కింద నాలుగు కట్టల ఏ4 కాగితం. పొద్దున పదయ్యేసరికి నలుగురు ఒక్కసారే వచ్చి నిలబడ్డారు.

సిలికా ఇసుక లోడుతో బయల్దేరిన లారీ డ్రైవరు ఫోను చాపాడు. "అన్నా, ఈ-వే బిల్లు తీసియ్యి, బండి రోడ్డు మీదుంది." అది పీడీఎఫ్. తూర్పు కనుపూరు నుంచి వచ్చిన పెద్దాయన దగ్గర మనవడు వాట్సాప్‌లో పంపిన భూమి పత్రం, వన్ బీ ఉంది. అది స్క్రీన్‌షాట్. రొయ్యల చెరువు లెక్కలు చూసే కుర్రాడు ఎక్సెల్ ఫైలు తెచ్చాడు. డిగ్రీ చదివే అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు వర్డ్‌లో ఉంది, అందులో అతికించాల్సిన ఫొటోలు ఐఫోన్‌లో తీసినవి. వాటి రకం హెచ్ఈఐసీ, మీ కంప్యూటరు వాటిని తెరవనంటోంది.

నలుగురికీ కావలసింది ఒకటే, కాగితం. మీరు చేయాల్సిన పనులు మాత్రం నాలుగు రకాలు. ఒక్కో ఫైలుకూ ఒక్కో సాఫ్ట్‌వేర్ తెరవాలి, ఒక్కో చోట ప్రింటు బొత్తాం వెతకాలి, కాగితం సైజు చూడాలి, పేజీలు చూడాలి. పదకొండయ్యేసరికి వరస గుమ్మం దాటింది. మధ్యాహ్నానికి తల వాచిపోయింది. సాయంత్రం గల్లాపెట్టె లెక్క చూసుకుంటే, పాడైన కాగితాల కట్టే ఎక్కువగా కనిపించింది.

మీ ఓపికలో లోపం లేదు, వేగంలోనూ లేదు. ఒకే నిర్ణయాన్ని రోజుకు వందసార్లు కొత్తగా తీసుకుంటున్నారు, అక్కడుంది చిక్కు. ఆ నిర్ణయాన్ని ఒక్కసారి తీసుకుని, రాసిపెట్టి, యంత్రానికి అప్పగించడమెలాగో ఈ అధ్యాయంలో నేర్చుకుందాం.

నేను కాగితాలు తగలేసిన రోజు

నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు నాకు తోచిన ఉపాయం చాలా తేలికైనది. విండోస్‌లో చాలా రకాల ఫైళ్ల మీద కుడి బొత్తాం నొక్కితే 'ప్రింట్' అని కనిపిస్తుంది. అదే పనిని విండోస్‌కు కమాండ్లు ఇచ్చే పవర్‌షెల్‌లో ఒక్క వరసలో రాయొచ్చు. ఫోల్డరులో ఉన్న ముప్ఫై ఫైళ్లనూ ఒక్కొక్కటిగా తీసుకుని 'ప్రింట్' అనమని రాశాను. ఇక కూర్చుని టీ తాగొచ్చనుకున్నాను.

ఆ ఆదేశం అందగానే విండోస్ ప్రతి ఫైలునూ దాని సొంత సాఫ్ట్‌వేర్ చేతికి ఇచ్చేస్తుంది. వర్డ్ ఒక కిటికీ తెరిచింది. ఫొటోల సాఫ్ట్‌వేర్ "ఏ సైజు కావాలి?" అని అడిగి ఆగిపోయింది. ఎక్సెల్ ఏమీ అడగకుండా, వెడల్పాటి లెక్కల పట్టీని నిలువునా ముక్కలు చేసి, రెండేసి నిలువు వరసలకు ఒక కాగితం చొప్పున పదులకొద్దీ పేజీలు కక్కింది. ఏది అయింది, ఏది ఆగింది, ఏది రెండుసార్లు వచ్చింది, నాకు చెప్పేవాళ్లెవరూ లేరు.

ఆ కాగితాలు ఏరుకుంటూ నేర్చుకున్న పాఠం ఇది: యంత్రానికి పని చెప్పడం వేరు, పద్ధతి చెప్పడం వేరు. నేను పని మాత్రమే చెప్పాను.

ఇసుక నేర్పే పాఠం

పద్ధతి అంటే ఏమిటో చిల్లకూరు వాళ్లకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. చిల్లకూరు, కోట మండలాల్లో సిలికా ఇసుక తవ్వుతారు. గాజుకు అదే ముడిసరుకు. కానీ నేలలోంచి తీసిన ఇసుకను తీసినట్టే కొలిమిలో పోయరు. కడగాలి, జల్లెడ పట్టాలి, రేణువు సైజును బట్టి గ్రేడు చేయాలి. కొలిమి ముందుకొచ్చేసరికి ఇసుకంతా ఒకే తీరున ఉండాలి. ఏ గుంటలోంచి వచ్చిందన్న ప్రశ్న అక్కడ పుట్టకూడదు.

ఫైళ్ల విషయంలోనూ అంతే. ప్రింటరు మన కొలిమి. దాని ముందుకు రకరకాల ఫైళ్లను పంపకండి. అన్నిటినీ ముందుగా ఒకే రూపంలోకి మార్చండి. ఆ రూపం పీడీఎఫ్.

పీడీఎఫ్ పుట్టిందే ఈ అవసరం కోసం. అడోబీ సంస్థను 1982లో స్థాపించిన ఇద్దరిలో ఒకరైన జాన్ వార్నాక్, ఏ కంప్యూటరులో తయారైన పత్రమైనా ఏ తెర మీదైనా, ఏ ప్రింటరు మీదైనా ఒకేలా రావాలన్న ఆలోచనకు 'క్యామెలాట్' అని పేరు పెట్టుకున్నాడు. అదే 1993లో పీడీఎఫ్‌గా బయటికొచ్చింది. 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. అక్షరం ఎక్కడ కూర్చోవాలో, ఏ ఫాంటులో ఉండాలో, పేజీ కొలత ఎంతో అన్నీ ఆ ఫైలులోపలే రాసి ఉంటాయి. అందుకే అది దారిలో రూపం మార్చుకోదు.

కాబట్టి మన సూత్రం ఇది: ఏది వచ్చినా పీడీఎఫ్ కావాలి, పీడీఎఫ్ తప్ప మరేదీ ప్రింటరు దాకా పోకూడదు. ఈ సూత్రాన్ని ఐదు మెట్లుగా విడగొట్టుకుందాం.

మొదటి మెట్టు: పేరు చూసి నమ్మకండి

ఫైలు పేరు చివర ఉండే తోక చూసి అది ఏ రకమో అనుకుంటాం. ఆ తోకను ఎవరైనా మార్చొచ్చు. ఫోన్లలో తిరిగి తిరిగి వచ్చేసరికి కొన్నిటికి తోకే ఉండదు. ఫైలు అసలు జాతి దాని మొదటి కొన్ని బైట్లలో ఉంటుంది. పీడీఎఫ్ ఎప్పుడూ శాతం గుర్తుతో, ఆ వెంటనే 'పీడీఎఫ్' అన్న మూడు ఇంగ్లిషు అక్షరాలతో మొదలవుతుంది. జేపెగ్ ఫొటో మొదటి మూడు బైట్లు ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్. కొత్త వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ ఫైళ్లు మూడూ 'పీకే' అన్న రెండు అక్షరాలతో మొదలవుతాయి, ఎందుకంటే అవన్నీ లోపల జిప్ మూటలే. మూట విప్పి ఏ ఫోల్డరుందో చూస్తేగాని ఏది వర్డో, ఏది ఎక్సెలో తెలియదు.

లినక్స్‌లో 'ఫైల్' అన్న చిన్న కమాండ్ ఈ పరీక్షంతా చేసిపెడుతుంది. పైథాన్‌లో పది వరసల్లో మీరే రాసుకోవచ్చు. పరీక్షలో తేలని ఫైలును 'చూడాల్సినవి' అన్న ఫోల్డరులోకి తోసేయమనండి. ఊహించి ముందుకు పోవడం కన్నా తెలియదని ఆగడం మేలు.

రెండో మెట్టు: ఒక్కో జాతికి ఒక్కో దారి

వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ ఫైళ్లకు లిబ్రేఆఫీస్ చాలు. డబ్బు కట్టక్కర్లేదు. దానికి 'హెడ్‌లెస్' అనే పద్ధతి ఉంది, అంటే కిటికీ తెరవకుండా తెర వెనకే పనిచేస్తుంది. 'కన్వర్ట్-టు పీడీఎఫ్' అని కమాండ్ ఇస్తే, ఆ కమాండ్ ఇచ్చిన ఫోల్డరులో పీడీఎఫ్ తయారవుతుంది. రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఒకటి, ఒకేసారి పది ఫైళ్లు మీద పడేయకుండా ఒకటి అయ్యాకే మరొకటి ఇవ్వండి. రెండు, గడువు పెట్టండి. చెడిపోయిన ఫైలు ఒకటి అడ్డంపడితే వెనకున్నవన్నీ ఆగిపోతాయి. 60 సెకన్లలో తేలకపోతే దాన్ని పక్కకు తీసి తర్వాతిదానికి పొమ్మనండి.

ఎక్సెల్‌కు ప్రత్యేకమైన నియమం కావాలి. వెడల్పు ఒక్క పేజీకి సరిపోవాలి, పొడవు ఎన్ని పేజీలైనా పోనివ్వొచ్చు. నిలువు వరసలు ఎనిమిది దాటితే కాగితాన్ని అడ్డంగా తిప్పాలి. ఈ ఒక్క నియమం రాసుకుని ఉంటే ఆ రోజు నా కాగితాలు దక్కేవి.

ఫొటోలకు ఇమేజ్‌మ్యాజిక్ లాంటి పనిముట్టు ఉంది. హెచ్ఈఐసీని జేపెగ్‌గా మారుస్తుంది, ఫోను పక్కకు తిప్పి తీసిన ఫొటోను నిటారుగా నిలబెడుతుంది. కానీ ఫొటోలో లేని స్పష్టతను ఏ పనిముట్టూ తేలేదు. ఏ4 కాగితం నిండా చక్కగా రావాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లు కావాలి. పొడవు 1600 పిక్సెళ్లే ఉన్న స్క్రీన్‌షాట్‌ను కాగితం నిండా పరిస్తే అంగుళానికి 137 చుక్కలే పడతాయి. సర్వే నంబరులో 3 ఏదో 8 ఏదో పెద్దాయనకే కాదు, తాసీల్దారు కార్యాలయంలో వాళ్లకూ తెలియదు. "మీ మనవడికి ఫోన్ చేయండి, ఫొటోలా కాకుండా డాక్యుమెంటులా పంపమనండి" అని చెప్పడమే అక్కడ అసలైన సేవ.

పాస్‌పోర్ట్ ఫొటోల లెక్క కూడా ఒక్కసారి వేసి రాసిపెట్టుకోండి. ఒక్కోటి 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాల కాగితాన్ని నిలువుగా పెడితే ఆరే పడతాయి. అడ్డంగా పెడితే ఎనిమిది పడతాయి. ఈ లెక్కను రోజూ కంటితో కొలవక్కర్లేదు.

మూడో మెట్టు: తెలుగును కాపాడుకోండి

తెలుగు ఫైళ్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు చాలావరకు అను ఫాంట్లలో ఉంటాయి. వాటిలో లోపలున్నవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే. ఫాంటు వాటికి తెలుగు తొడుగు వేస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తొడుగు ఊడిపోయి పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్ తెలుగుకు ఈ బాధ లేదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గదులు కేటాయించారు. అక్కడ 'క' అంటే ఏ దేశంలోనైనా 'క'నే.

పత్రిక తయారుచేసిన డీటీపీ ఆయన్నే ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇమ్మని అడగండి. వచ్చిన పీడీఎఫ్‌లో ఫాంట్లన్నీ లోపలే ఉన్నాయో లేదో చూసే కమాండ్లున్నాయి, వాటిని మీ వరసలో చేర్చండి. లేకపోతే యంత్రం ఆగి మీకు చెప్పాలి.

కొత్త కంప్యూటరు కొన్నా, సాఫ్ట్‌వేర్ మార్చినా ముందు ఒక పరీక్ష పేజీ తీయండి. అందులో 'స్త్రీ', 'రాష్ట్రం', 'సామర్థ్యం', 'జ్యోత్స్న', 'లక్ష్మి' అన్న మాటలుండాలి. ఒత్తులు తమ చోట కూర్చున్నాయంటే మీ దారి బాగున్నట్టు. ఒత్తు పక్కకు జరిగి, దాని చుట్టూ చుక్కల గుండ్రం కనిపించిందంటే ఎవరి ఇంటిపేరో రేపు మీ చేతుల్లో చెడబోతున్నట్టు.

నాలుగో మెట్టు: ప్రూఫు చూడందే మిషన్ ఎక్కించకండి

సీసపు అక్షరాలు కూర్చి ముద్రించిన కాలంలో అచ్చాఫీసులకు ఒక నియమం ఉండేది. ప్రూఫు దిద్దకుండా ఫారం మిషన్ మీదికి ఎక్కేది కాదు. ఆ నియమం మనకు పెద్దలు వదిలి వెళ్లిన ఆస్తి. దాన్ని యంత్రానికీ నేర్పండి.

ప్రింటరుకు పంపే ముందు మూడు ప్రశ్నలకు జవాబు రావాలి. ఎన్ని పేజీలు? ఏ కొలత? ఎన్ని కాపీలు? పేజీలు ఇరవై దాటితే యంత్రం ఆగి మిమ్మల్ని అడగాలి. కొలత విషయంలో చాలామంది పొరబడతారు. ఏ4 అంటే 210, 297 మిల్లీమీటర్లు. అమెరికా వాళ్ల లెటర్ కాగితం 216, 279. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకదాని కొలతతో తయారైన పేజీని రెండోదాని మీద ఉన్నదున్నట్టు ముద్రిస్తే అంచు తెగుతుంది. ఆ అంచులో సంతకం గడి ఉండొచ్చు. అలాగని అన్నిటినీ కుదించమనకండి. బార్‌కోడ్ ఉన్న ఫారాలు, ముందే గీతలు గీసిన దరఖాస్తులు అసలు కొలతలోనే రావాలి.

ఇక పంపడం. విండోస్‌లో సుమత్రా పీడీఎఫ్ అన్న చిన్న సాఫ్ట్‌వేర్ కిటికీ తెరవకుండానే, చెప్పిన ప్రింటరుకు, చెప్పినన్ని కాపీలు పంపుతుంది. లినక్స్‌లో కప్స్ ఉంది. మైకేల్ స్వీట్ అనే ఆయన రాసిన ఈ ముద్రణ వ్యవస్థ 1999లో విడుదలైంది. తర్వాత ఆపిల్ తన కంప్యూటర్లలోకి తీసుకుంది. ఆశ్చర్యం ఏమిటంటే, మనం చెప్పుకుంటున్న మెట్ల వరసే దాని కడుపులోనూ ఉంది. వచ్చిన ఫైలు ఏ జాతిదో కనిపెడుతుంది, వడపోతల గొలుసు గుండా నడిపి ప్రింటరుకు అర్థమయ్యే రూపంలోకి తెస్తుంది, ఆపైన పంపుతుంది. ప్రతి పనికీ ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరు పట్టుకుని పని ఎక్కడిదాకా వచ్చిందో అడగొచ్చు.

ఒక హెచ్చరిక. మిగతా పనుల్లో తప్పు జరిగితే యంత్రాన్ని మళ్లీ ప్రయత్నించమనొచ్చు. ముద్రణలో అలా అనకండి. కాగితం చిక్కుకుని ఆగిందో, మొత్తం వచ్చాక జవాబే ఆలస్యమైందో యంత్రానికి తెలియదు. పడిన సిరా వెనక్కి రాదు. అనుమానం వస్తే ఆగి, మనిషిని అడగమని రాయండి.

ఐదో మెట్టు: రాసుకోండి, చెరిపేయండి

ఏ సమయానికి, ఏ ఫైలు, ఎన్ని పేజీలు, ఏ ప్రింటరు అన్న నాలుగు ముక్కలు ఒక పట్టీలో పడాలి. సాయంత్రం లెక్కకు అదే ఆధారం. తగాదా వస్తే అదే సాక్షి.

కానీ ఫైలు మాత్రం మీ దగ్గర ఉండకూడదు. ఈ-ఆధార్‌కు తాళం ఉంటుంది. పేరులో మొదటి నాలుగు పెద్ద ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే ఆ తాళంచెవి. ఆ చెవిని కార్డు యజమాని చేతనే కొట్టించండి, మీ పుస్తకంలో రాసుకోకండి. గుర్తింపు చూపితే చాలు అన్నచోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉందని చెప్పండి. ముద్రించిన గంటకు ఫైళ్లన్నీ చెరిగిపోయేలా మీ ప్రోగ్రాంలోనే రాసేయండి. నమ్మి ఫోను చేతికిచ్చిన మనిషికి మనం తిరిగి ఇవ్వగలిగింది ఆ నమ్మకమే.

ఒకచోట మార్చితే అంతటా మారాలి

ఇంకో చిన్న మాట. అప్పటిదాకా నెల్లూరు జిల్లాలో ఉన్న చిల్లకూరు మండలం 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరింది. ఆ పొద్దు ఎన్ని దరఖాస్తు నమూనాల్లో జిల్లా పేరు మార్చాల్సి వచ్చిందో ఆలోచించండి. నలభై వర్డ్ ఫైళ్లలో 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా' అని విడివిడిగా కొట్టి పెట్టుకున్నవాళ్లు నలభై తెరిచి దిద్దుకోవాలి. వాటిలో ఒకటి మరిచిపోతే ఎవరి దరఖాస్తో తిరిగొస్తుంది. జిల్లా, మండలం, డివిజన్ పేర్లను ఒక్కచోట రాసి, నమూనాలన్నీ అక్కణ్నుంచే తీసుకునేలా పెట్టుకున్నవాళ్లకు ఒక్క దిద్దుబాటుతో పనైపోతుంది. మారే అవకాశమున్న ప్రతి విషయాన్నీ ఒక్కచోటే ఉంచండి. జిల్లా పేరుకూ, కాపీ ధరకూ, ప్రింటరు పేరుకూ ఇదే నియమం.

ఈ పని చిన్నదని అనుకోకండి

చిల్లకూరు, కోట మండలాల వైపు రానున్న కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతానికి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీ వచ్చిందంటే గేటు పాసులు, డెలివరీ చలాన్లు, ఇన్వాయిస్‌లు, లేబుళ్లు రోజుకు వందల్లో ముద్రించాలి. ఒక్కో కొనుగోలుదారు ఒక్కో రకం ఫైలు పంపుతాడు. అదే సంవత్సరం జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది. ధ్రువపత్రం ఇప్పుడు ఫోనులోకి నడిచి వస్తోంది. దాన్ని కాగితం మీదికి తెచ్చే నేర్పు ఊళ్లో ఒకరికైనా ఉండాలి. ఆ ఒకరు మీరైతే మీకు ఉపాధి, ఊరికి మేలు.

ఈ వారం చేయాల్సినవి

మొదటి రోజు: షాపుకు వచ్చిన ప్రతి ఫైలు రకాన్నీ కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టండి. మీ శ్రమలో ఎక్కువ భాగం మూడు నాలుగు రకాలదే అయి ఉండొచ్చు.

రెండో రోజు: 'వచ్చినవి', 'సిద్ధం', 'అయినవి', 'చూడాల్సినవి' అని నాలుగు ఫోల్డర్లు చేయండి. ప్రోగ్రాం రాయకముందే చేత్తో ఈ వరస పాటించండి. చేత్తో కుదరని వరస యంత్రంతోనూ కుదరదు.

మూడో రోజు: లిబ్రేఆఫీస్‌తో ఒక్క వర్డ్ ఫైలును కమాండ్ ద్వారా పీడీఎఫ్ చేయండి. ఒక్కటే.

నాలుగో రోజు: ఆ పీడీఎఫ్‌ను కమాండ్ ద్వారా ప్రింటరుకు పంపండి. తెలుగు పరీక్ష పేజీ తీసి ఒత్తులు చూసుకోండి.

ఐదో రోజు: ఈ రెండిటినీ ఒక పైథాన్ ఫైలులో కలపండి. 'వచ్చినవి' ఫోల్డరును ఐదు సెకన్లకోసారి చూడమనండి.

ఆరో రోజు: చెడిపోయిన ఫైలు, తాళం ఉన్న ఫైలు, తోక లేని ఫైలు, వందపేజీల ఎక్సెల్ కావాలనే వేసి చూడండి. ప్రతిదాని దగ్గరా యంత్రం బుద్ధిగా ఆగిందా?

ఏడో రోజు: గోడ మీద ఒక్క వాక్యం రాసి అంటించండి. వాట్సాప్‌లో ఫొటోలా కాదు, డాక్యుమెంటులా పంపండి.

ఇన్ని మెట్లూ ఎక్కాక ఒక మార్పు గమనిస్తారు. డ్రైవరు బిల్లు, అమ్మాయి రిపోర్టు, కుర్రాడి లెక్కలు తమంతట తాము వరసలో నడిచి ప్రింటరు చేరతాయి. మీ రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అప్పుడు తూర్పు కనుపూరు పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, వన్ బీలో ఆయన పేరూ, సర్వే నంబరూ, విస్తీర్ణమూ చదివి వినిపించండి. అది ఏ ప్రోగ్రామూ చేయలేని పని. ఒక తప్పు కాగితం పట్టుకుని ఆఫీసుకు పోతే ఆయనకు ఒక రోజు కూలి, ఒక బస్సు చార్జీ, కొంత పరువు పోతాయి. ఆ మూడూ కాపాడే తీరిక సంపాదించుకోవడానికే ఈ అధ్యాయం రాశాను. రేపు పొద్దున షాపు తెరవగానే ఆ నాలుగు ఫోల్డర్లతో మొదలుపెట్టండి.